చవక రైఫిల్ కొంటే అడవిపందుల బెడద తీరుతుందా?

క్లుప్తంగా

అమెరికాలో 500 డాలర్ల లోపు దొరికే బోల్ట్ యాక్షన్ రైఫిళ్లు మామూలు దారిలో మన దేశానికి రావు. ఇక్కడ లైసెన్సు ఉన్నవారికి కొత్తగా దొరికేవి ప్రధానంగా ఇషాపూర్ ఫ్యాక్టరీ రైఫిళ్లే. పంట కాపలా కోసమైతే ఆయుధాల చట్టం రైఫిల్ కన్నా ముందు నున్నటి గొట్టం తుపాకీని చూపిస్తుంది. తుపాకీ ఉంచుకునే లైసెన్సు ఒకటి, పందిని చంపడానికి అటవీ శాఖ ఇవ్వాల్సిన అనుమతి మరొకటి. ఈ రెండూ ఒకటేనని అనుకోవడంతోనే చిక్కులు మొదలవుతున్నాయి.

ప్రశ్న ఎక్కడ పుట్టింది

ఉదయగిరి, సీతారామపురం వైపు వేరుశనగ ఊడలు దిగే వేళ, అర్ధవీడు, గిద్దలూరు వైపు మొక్కజొన్న పాలు పోసుకునే వేళ పందుల గుంపు ఒక్క రాత్రి దిగితే చాలు. అవి తినేదాని కన్నా ముట్టెతో పెళ్లగించి, తొక్కి పాడుచేసేదే ఎక్కువ. వెలిగొండల కింద, నల్లమల అంచున సేద్యం చేసేవారికి ఇది పాత బాధే. కొండకు దూరంగా ఉన్న ఊళ్లకూ ఇది పాకడానికి ఒక కారణం కళ్లెదుటే ఉంది. బీడుపడిన చెరువుల్లో, వాగు గట్ల మీద చిల్లకంప అల్లుకుపోయింది. పగలు దాక్కోవడానికి పందులు అడవి దాకా వెళ్లాల్సిన పని లేకుండా పోయింది. పైగా ఆడపంది ఒక ఈతలో నాలుగు నుంచి ఆరు పిల్లలను పెడుతుంది. పులి, చిరుత తిరగని చోట ఆ పిల్లల్లో చాలావరకు బతికిపోతాయి.

ఇదే సమయంలో టెక్సాస్‌లో పందుల వేట వీడియోలు ప్రతి ఫోన్‌లోనూ తిరుగుతున్నాయి. అక్కడ ఉద్యోగం చేసే పిల్లలు దుకాణంలో రైఫిల్ ధర చీటీని ఫొటో తీసి పంపుతుంటారు. మన డబ్బులో చూస్తే ఓ మాదిరి స్మార్ట్‌ఫోన్ ధర. ‘అక్కడ అంత సులువైతే ఇక్కడ ఎందుకు కాదు?’ అన్న ప్రశ్న రచ్చబండ దాకా వచ్చింది.

టెక్సాస్‌తో పోలిక మొదట్లోనే తేలిపోతుంది. అక్కడి పంది స్థానిక జంతువు కాదు. యూరప్ నుంచి వలస వచ్చినవారు తెచ్చిన పందులు తప్పించుకుని, తర్వాత వేట కోసం తెచ్చి వదిలిన వాటితో కలిసి పెరిగిన సంతతి అది. పరాయి జీవి కాబట్టి ప్రభుత్వమే దాన్ని తగ్గించాలని చూస్తుంది. 2019 నుంచి అక్కడ ప్రైవేటు భూమిలో, యజమాని ఒప్పుకుంటే, ఆ పందులను కొట్టడానికి వేట లైసెన్సు కూడా అక్కర్లేదు. మన అడవిపంది ఇక్కడిదే. పులికి ఆహారం. 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టంలో రెండో షెడ్యూలులో, అంటే రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది. చూడటానికి రెండూ ఒకటే అయినా చట్టం చూపు వేరు.

అక్కడ అంత చవక ఎలా అయింది

బోల్ట్ యాక్షన్ అంటే ప్రతి తూటాకూ చేత్తో పనిచేయించే రైఫిల్. బోల్టు పిడిని పైకి లేపితే తాళం ఊడుతుంది, వెనక్కి లాగితే కాలిన తొడుగు బయటపడుతుంది, ముందుకు తోస్తే కొత్త తూటా గదిలోకి వెళ్తుంది, పిడిని కిందికి దించితే తాళం పడుతుంది. పేలే క్షణంలో లోపల కదిలే భాగాలు చాలా తక్కువ. గురి నిలకడగా ఉండటానికి, ఏళ్ల తరబడి చెడిపోకుండా ఉండటానికి కారణం ఇదే.

19వ శతాబ్దం చివర్లో వచ్చిన మౌజర్ 98 నమూనాలో బోల్టు కదిలే మధ్య భాగాన్ని ఉక్కు దిమ్మ నుంచి ఎన్నో దశల్లో చెక్కేవారు. భుజానికి ఆనించే వాల్‌నట్ కర్ర దిమ్మను పనివాడు చేత్తో అమర్చేవాడు. గొట్టాన్ని బిగించి, తూటా గది లోతును కొలిచి, మళ్లీ అరగదీసి సరిచేయడానికి అనుభవం ఉన్న మనిషి కావాలి. 1958లో వచ్చిన సావేజ్ 110 ఆ ఖర్చు మీదే దెబ్బ కొట్టింది. గొట్టాన్ని ఒక నట్టుతో బిగించే పద్ధతి పెట్టడంతో ఆ లోతును గేజ్ చూసుకుంటూ సరిచేయడం తేలికైంది. తర్వాతి కాలంలో వచ్చిన సావేజ్ యాక్సిస్, రుగర్ అమెరికన్ లాంటివి ఇదే దారిలో ఇంకా ముందుకు వెళ్లాయి. మధ్య భాగాన్ని గుండ్రటి ఉక్కు కడ్డీ నుంచి లేత్ మీద తీస్తారు, రుగర్ లాంటివారు గొట్టాన్ని యంత్రపు సుత్తులతో సాగగొడతారు, కర్ర బదులు అచ్చుపోసిన ప్లాస్టిక్ వాడతారు.

ఇంత తగ్గించినా గురి పెద్దగా దెబ్బతినలేదు. మంచి తూటా పడితే ఈ చవక రైఫిళ్లు 100 మీటర్ల దూరంలో మూడు తూటాలను మూడు నాలుగు సెంటీమీటర్ల మేరలో వేయగలవు. పంది ఒంట్లో గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు దాదాపు జానెడు. ఆ లెక్కన రెండింతలు పోసి కొన్న రైఫిల్ వేటగాడికి అదనంగా ఇచ్చేది నునుపు, అందం, పేరు. చవకదనం బయటపడేది వేరే చోట్ల. బోల్టు గరగరలాడుతుంది, ప్లాస్టిక్ దిమ్మ ముందు భాగం నొక్కితే వంగి గొట్టాన్ని తాకుతుంది, తూటాల పెట్టె త్వరగా విరుగుతుంది. బరువు తక్కువ కాబట్టి భుజం మీద తన్ను కూడా గట్టిగానే ఉంటుంది.

అయితే ఈ ధర యంత్రాల వల్లే రాలేదు. అక్కడ వేట చట్టబద్ధం, దానికి సీజన్లు, రుసుములు ఉన్నాయి. 1937 నాటి పిట్‌మన్–రాబర్ట్‌సన్ చట్టం కింద రైఫిళ్లు, తూటాల మీద వసూలయ్యే 11 శాతం పన్ను ప్రధానంగా వన్యప్రాణుల సంరక్షణకు వెళ్తుంది. కొనేవాళ్లు లక్షల్లో ఉంటే అచ్చులకు, యంత్రాలకు పెట్టిన పెట్టుబడి ఒక్కో రైఫిల్ మీద కొద్దిగానే పడుతుంది. అలాంటి బజారు ఇక్కడ లేదు.

ఇక్కడి దుకాణంలో ఉండేవి

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన మొదట్లో కొన్ని జంతువుల వేటకు లైసెన్సులు ఇచ్చేవారు. 1991 సవరణతో అవి పూర్తిగా పోయాయి. అంతకుముందే, 1980ల మధ్యలో, సామాన్యుల కోసం విదేశీ తుపాకుల దిగుమతి ఆగిపోయింది. అమెరికా నుంచి వచ్చే బంధువు సూట్‌కేసులో రైఫిల్ తేవడం కుదరదు. శాశ్వతంగా తిరిగొచ్చేవారికి కఠినమైన షరతులతో ఒక మినహాయింపు ఉన్నా, సెలవుకు వచ్చి పోయేవారికి అది వర్తించదు.

మిగిలింది ప్రధానంగా పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ. 2021 అక్టోబర్ 1న ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డును ఏడు కంపెనీలుగా విడదీసినప్పుడు ఇది అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా లిమిటెడ్ కిందికి వెళ్లింది. ఇక్కడి పౌరుల రైఫిళ్లలో బాగా తెలిసినది .315. దీని బోల్టు బ్రిటిష్ సైన్యం వాడిన లీ–ఎన్‌ఫీల్డ్ వంశానిది. దీని తూటాకు మూలం 8×50 మిల్లీమీటర్ల ఆస్ట్రియన్ తూటా. బ్రిటిష్ రైఫిల్‌కు ఆస్ట్రియా తూటా ఎందుకంటే, సైన్యం వాడే .303 తూటాలు పౌరుల చేతిలో, పౌరులవి తిరుగుబాటుదారుల చేతిలో పడకూడదని వలస పాలకులు ఆ బోరును, అంటే ఆ కొలత గొట్టాన్ని, పౌరులకు నిషేధించారు. తయారీదారులు ఈ పక్కదారి వెతుక్కున్నారు. ఆ పాలకులు పోయి ముప్పావు శతాబ్దం దాటినా .303 ఇంకా నిషిద్ధ బోరుగానే ఉంది, .315 ఇంకా దుకాణంలో ఉంది.

రెండోది .30-06. ఇది 1906 నాటి అమెరికన్ తూటా. దీని బుల్లెట్ తేలిక, వేగం సెకనుకు 800 మీటర్ల పైమాట. .315 బుల్లెట్ దాదాపు 16 గ్రాముల బరువుతో, సెకనుకు 600 మీటర్ల చుట్టుపక్కల వెళ్తుంది. వంద మీటర్ల లోపు పందికి ఈ తేడా పట్టింపు కాదు. దూరం పెరిగే కొద్దీ .315 బుల్లెట్ త్వరగా కిందికి దిగుతుంది. .22 రైఫిల్ కూడా ఉంది, తూటా చవక, తన్ను ఉండదు, సాధన నేర్చుకోవడానికి బాగుంటుంది. పంది మీద వాడితే మాత్రం దెబ్బ తిన్న జంతువు చిల్లకంపలోకి దూరుతుంది. గాయపడిన పందిని చీకట్లో వెతుక్కుంటూ పోవడం కన్నా ప్రమాదం మరొకటి లేదు.

తూటా ఎక్కడ ఆగుతుంది

రైఫిల్ గొట్టం లోపల మెలితిరిగిన గాడులు ఉంటాయి. వాటి వల్ల బుల్లెట్ గిరగిరా తిరుగుతూ తిన్నగా దూరం పోతుంది. నున్నటి గొట్టం తుపాకీకి, అంటే మామూలుగా 12 బోర్‌కు, గాడులు ఉండవు. తూటాలోని గుళ్లు బయటికి రాగానే విచ్చుకుంటాయి. పెద్ద గుళ్లయినా 30, 40 మీటర్లు దాటితే చెదిరిపోయి పని చేయవు. చిన్న గుళ్లు రెండు మూడు వందల మీటర్లలో నేలపాలవుతాయి, పెద్దవి ఇంకొంత దూరం పోతాయి. గొట్టం ఎత్తి పేల్చిన .30-06 బుల్లెట్ 4 కిలోమీటర్లు దాటగలదు. బుజ్జి .22 కూడా 2 కిలోమీటర్ల దాకా పోతుంది.

ఈ అంకెలను పొలంలో పెట్టి చూడాలి. పంది వచ్చేది రాత్రి. వేరుశనగ చేను చదును నేల, వెనక గుట్ట ఉండదు. నాలుగు చేల అవతల ఇంకో రైతు మంచె మీద టార్చిలైటు పెట్టుకుని తన పంట కాస్తుంటాడు. పంది మీద గురి తప్పినా, ఒంట్లోంచి దూసుకుపోయినా, పలుగురాయికి తగిలి పక్కకు ఎగిరినా రైఫిల్ బుల్లెట్ ఆ మంచె దాకా ప్రాణం తీసే శక్తితోనే చేరుతుంది. టెలిస్కోపు పెట్టినా లాభం లేదు. అందులో పంది కనిపిస్తుంది, వెనక చీకట్లో ఉన్న మనిషి కనిపించడు. ఎత్తైన మంచె నుంచి కిందికి, దగ్గర్లో, నేలలోకి దిగేలా పేల్చినప్పుడే ఈ ప్రమాదం తగ్గుతుంది. అంత దగ్గర్లో 12 బోర్ తుపాకీ కూడా సరిపోతుంది.

చట్టం రాసినవారికి ఇది తెలుసనిపిస్తుంది. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ పంట రక్షణ ప్రస్తావన తెచ్చినప్పుడు మూతి నుంచి మందు కూరే తుపాకీ పేరు ముందు చెప్పింది. అది చాలదని అధికారి భావిస్తే 20 అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న వేరే నున్నటి గొట్టం తుపాకీకి లైసెన్సు ఇవ్వవచ్చంది. అక్కడ రైఫిల్ మాటే లేదు. రైఫిల్ కావాలంటే అదే సెక్షన్‌లోని వేరే దారిలో రావాలి. గుర్తింపు పొందిన రైఫిల్ క్లబ్బు సభ్యుడిగా గురి సాధన కోసం .22 రైఫిల్ అడగాలి, లేదా వేరే రైఫిల్ అవసరానికి తగిన కారణం ఉందని లైసెన్సు అధికారిని ఒప్పించాలి.

రెండు చట్టాలు, రెండు కాగితాలు

గందరగోళం అసలు ఇక్కడే. ఆయుధాల చట్టం తుపాకీ ఉంచుకోవడం గురించి చెబుతుంది, దానితో ఏ జంతువును కొట్టవచ్చో చెప్పదు. లైసెన్సుకు కనీస వయసు 21 ఏళ్లు. 2019 సవరణ తర్వాత ఒకరి పేరున రెండుకు మించి తుపాకులు ఉండకూడదు, లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. పోలీసు విచారణ నివేదిక తప్పదు.

జంతువు సంగతి వన్యప్రాణి చట్టానిది. 11వ సెక్షన్ ప్రకారం, రెండో షెడ్యూలులోని జంతువు మనుషుల ప్రాణానికి గానీ, ఆస్తికి గానీ ప్రమాదంగా మారిందని రాష్ట్ర అటవీ శాఖలోని చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి భావిస్తే, కారణాలు రాసి, ఫలానా ప్రాంతంలో ఫలానా జంతువును చంపడానికి రాతపూర్వకంగా అనుమతించవచ్చు. ఆస్తి అన్న మాటలో చేలో నిలబడి ఉన్న పంట కూడా ఉందని సెక్షనే చెబుతోంది. రైతుకు ఇది గట్టి ఆధారం. కానీ అలా చంపిన పంది ప్రభుత్వ ఆస్తి. మాంసం పంచుకుంటే అనుమతి ఉన్నా కేసు తప్పదు.

62వ సెక్షన్ కింద కేంద్రం ఒక జంతువును కొంత కాలం, కొంత ప్రాంతం మేరకు హానికర జీవిగా ప్రకటించవచ్చు. 2015–16లో బిహార్, ఉత్తరాఖండ్‌లలోని కొన్ని జిల్లాల్లో అడవిపంది విషయంలో అలా చేసింది. కేరళ 2022లో ఇంకో దారి పట్టింది. అనుమతి ఇచ్చే అధికారాన్ని పంచాయతీ అధ్యక్షుల స్థాయికి దించి, లైసెన్సు తుపాకీ ఉన్నవారితో కాల్పించే ఏర్పాటు చేసింది. విషం, పేలుడు పదార్థం, కరెంటు వాడకూడదన్న షరతు పెట్టింది. అక్కడ మారింది తుపాకీ రకం కాదు, కాగితం ఎంత దగ్గర్లో దొరుకుతుందన్నది.

మన నెల్లూరు, ప్రకాశం వైపు రైతుకు మరో మెలిక ఉంది, దీని గురించి మాట్లాడేవారు తక్కువ. వన్యప్రాణి చట్టం 34వ సెక్షన్ ప్రకారం అభయారణ్యానికి 10 కిలోమీటర్ల లోపు ఉండేవారికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందస్తు సమ్మతి లేకుండా కొత్త ఆయుధ లైసెన్సు ఇవ్వకూడదు. రాపూరు వైపు పెనుశిల నరసింహ అభయారణ్యం, పశ్చిమ ప్రకాశం వైపు నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం, గుండ్ల బ్రహ్మేశ్వరం ఉన్నాయి. పందుల బాధ ఎక్కువగా ఉన్న ఊళ్లే చాలావరకు ఆ గీత లోపల పడతాయి. దరఖాస్తు కలెక్టరేట్‌లో నెలల తరబడి కదలకపోవడానికి ఈ సమ్మతి రాకపోవడం ఒక కారణం కావచ్చు. అడగాల్సిన మొదటి ప్రశ్న రైఫిల్ ధర గురించి కాదు, పొలం ఆ గీతకు ఎటువైపు ఉందన్నది.

నాటు తుపాకీ, కరెంటు తీగ

కాగితాలు రాకపోతే కొందరు వెళ్లే దారులు తెలిసినవే. లైసెన్సు లేని నాటు తుపాకీ దొరికితే కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్లు జైలు. దాని గొట్టం నీళ్ల పైపుదో, స్టీరింగ్ రాడ్డుదో అయి ఉంటుంది. మందు కాస్త ఎక్కువైతే పేల్చినవాడి చేతిలోనే పగులుతుంది.

చేను చుట్టూ కరెంటు తీగ లాగడం అంతకన్నా ఘోరం. ఇంటి లైను నుంచి వచ్చే 230 వోల్టులు ఆగకుండా ప్రవహిస్తాయి, కండరాలు బిగుసుకుపోయి తీగను వదిలించుకోలేరు. పక్క చేనికి నీళ్లు కట్టడానికి వెళ్లిన మనిషి తెల్లారేసరికి శవమై కనిపించాడన్న వార్తలు ఈ ప్రాంత పత్రికల్లో ఏటా వస్తూనే ఉంటాయి. సోలార్ కంచె పనిచేసే తీరు పూర్తిగా వేరు. వోల్టేజి వేలల్లో ఉన్నా అది సెకనుకు ఒకసారి, సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ సేపు కొట్టే చిన్న దెబ్బ. జంతువు ఉలిక్కిపడి వెనక్కి పోతుంది, చావదు. కింది తీగ నేలకు జానెడు ఎత్తుకు మించకుండా ఉండాలి, దానికి గడ్డి తగలకుండా కోస్తూ ఉండాలి. చాలాచోట్ల కంచె పనిచేయడం లేదన్న ఫిర్యాదు వెనక ఉండేది ఆ గడ్డే.

అయినా రైఫిలే కావాలనుకుంటే

తగిన కారణం చూపించో, తాతల నాటి తుపాకీ వారసత్వంగానో లైసెన్సు చేతికి వచ్చేవారు ఉంటారు. వారికి మొదటి లెక్క తూటాది. రాజులు, జమీందారుల కాలం నాటి విదేశీ రైఫిళ్లు డీలర్ల దగ్గర అప్పుడప్పుడు కనిపిస్తాయి. దిగుమతి లేదు కాబట్టి పాతవైనా ధర ఎక్కువే పలుకుతాయి. కొన్న తర్వాత ఆ బోరు తూటా ఇక్కడ తయారు కాదని తెలిస్తే అది గోడకు వేలాడదీసుకోవడానికే పనికొస్తుంది. ఈ ఒక్క కారణం చేతనే .315 గానీ, .30-06 గానీ తెలివైన ఎంపిక. ఒకేసారి ఎన్ని తూటాలు, ఏడాదికి ఎన్ని అన్నది లైసెన్సు మీదే రాసి ఉంటుంది, సాధనకూ అందులోంచే వాడుకోవాలి.

వాడిన .315 చూసేటప్పుడు బోల్టు తీసి గొట్టాన్ని వెలుతురు వైపు పెట్టి చూడాలి. గాడుల అంచులు పదునుగా, అద్దంలా మెరుస్తుంటే మంచిది. నల్లటి చుక్కలు గుంటలుగా ఉంటే తుప్పు తినేసిందని అర్థం. బోల్టు మీద నంబరు, బాడీ మీద నంబరు ఒకటే కావాలి. వేరే రైఫిల్ బోల్టు అమర్చి ఉంటే తూటా గది లోతు మారి తొడుగు చీలిపోవచ్చు. దాన్ని గేజ్‌తో కొలిచి చెప్పగలిగేది లైసెన్సున్న మెకానిక్ ఒక్కడే. దిమ్మను చేత్తో పట్టుకునే సన్నటి చోట పగులు ఉందేమో వేలితో తడిమి చూడాలి. లోపల తూటా లేకుండా బోల్టుకు తాళం పడేలా దించి, ట్రిగ్గర్ నొక్కకుండా పక్కన అరచేత్తో కొట్టినప్పుడు తూటాను పేల్చే లోపలి సూది టక్కుమని పడిపోతే ఆ రైఫిల్‌ను వదిలేయడమే మేలు.

కావలి, కోట, చీరాల లాంటి తీరం ఊళ్లలో తుప్పు పగ పట్టినట్టు వస్తుంది. తోలు సంచిలో, గుడ్డ చుట్టి పెడితే తేమ లోపలే నిలిచి ఇంకా త్వరగా పట్టేస్తుంది. పలచగా నూనె రాసి, గాలి ఆడే ఇనుప బీరువాలో, బోల్టు, తూటాలు వేరు వేరుగా తాళం వేసి పెట్టాలి. ఆ బీరువా ఖర్చును, ఐదేళ్లకోసారి రెన్యువల్ ఖర్చును కూడా రైఫిల్ ధరలో కలుపుకుని లెక్కేస్తే చవక అన్న మాటకు అర్థం మారుతుంది. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు లైసెన్సు తుపాకులను సాధారణంగా స్టేషన్‌లో డిపాజిట్ చేయమంటారు. అది సరిగ్గా వేరుశనగ ఊడలు దిగే నెలలో వస్తే పంటకు కాపలా మళ్లీ మంచె, టార్చిలైటు, డప్పే.